నాంచారమ్మ బొటనవేలి గోరు

నేను ఒక ఇనుప గోరును. తమలపాకు కోసేవాళ్లు బొటనవేలికి తొడుక్కుంటారే, అదే. విరిగిన కొడవలి ముక్కను కొలిమిలో కాల్చి, వంచి, అంచుకు పదునుపెట్టి కమ్మరి నన్ను నాంచారమ్మ వేలికి సరిచేశాడు. దేవుడిచ్చిన గోళ్లు పది ఉన్నా, మనుషులకు పదకొండోది లేనిదే పని జరగదు.

నాంచారమ్మ, ఆమె భర్త బసవయ్య ముప్పై సెంట్ల తోట కౌలుకు చేస్తున్నారు. ఆ ఊళ్లో తమలపాకు తోటంటే గుడితో సమానం. ఎంతటివాడైనా తడిక బయటే చెప్పులు విడవాలి. నన్ను మాత్రం ఎవరూ ఆపలేదు.

ఒకనాడు నాంచారమ్మ రత్తయ్య తోటలో కూలికి కోసింది. అక్కడి ఆకుల నిండా గోధుమరంగు మచ్చలు. ఆ ఆకులను తుంచి పారేసింది నేనే. మర్నాడు నన్ను తుడవకుండానే తొడుక్కొని తన తోటలోకి దిగింది. రెండు వారాలకల్లా తూర్పు సాళ్లలో అవే మచ్చలు. ఎవరి దిష్టో తగిలిందని బసవయ్య ఇద్దరు ముగ్గురి మీద అనుమానపడ్డాడు. నా పేరు ఎవరికీ తట్టలేదు.

తోటల ఆఫీసరు చూసి, ఇది శిలీంధ్రం తెచ్చే తెగులని, మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టమని చెప్పాడు. కలిపిన మందులో శుభ్రమైన ఇనుము ముంచి చూడాలట. మైలుతుత్తంలోని రాగి అంటుకొని ఎర్రబడితే సున్నం చాలనట్టు. అలాగే కొడితే ఆకు మాడిపోతుంది. నాంచారమ్మ నన్ను ఇసుకతో తోమి ముంచింది. నాకు నోరు లేదు గాని ఎర్రబడటం చేతనవును. ఒళ్లంతా ఎర్రబడ్డాను.

"మబ్బేసింది. వాన లోపు మందు ఆరాల, కొట్టేద్దాం," అన్నాడు బసవయ్య.

"గోరు ఎర్రగయింది చూడయ్యా. ఇంకాస్త సున్నం పడాల. ఆకు మాడిందంటే మనకిక తోటే లేదు."

సున్నపు నీళ్లు పోసి, తోమి, మళ్లీ ముంచింది. ఈసారి నా రంగు మారలేదు. తూర్పున నాలుగు సాళ్లు పోయాయి గాని మిగతా తోట నిలిచింది.

ఎండిన తీగలు పీకుతుంటే నాంచారమ్మ చెయ్యి ఆగిపోయింది. కూలికి వెళ్లొచ్చిన మర్నాడు తాను మొదట కోసింది ఈ సాళ్లనే. చాలాసేపు నన్నే చూసింది.

"చెప్పులిప్పే వచ్చానయ్యా," అంది చివరికి. "గోరే ఇప్పలేదు."

నాకు సిగ్గేసింది.

ఇప్పుడు ఆ తోటకు వేరే గోళ్లున్నాయి, అవి తడిక దాటి బయటికి రావు. నేను తడిక గుంజకు వేలాడుతున్నాను. కూలికొచ్చేవాళ్లు తమ గోళ్లు తీసి నా పక్కన తగిలిస్తారు. నాంచారమ్మ అక్కడే నిలబడి ముందు అందరి వేళ్లూ చూస్తుంది. కాళ్లు చూడటం ఆ తరవాతే.