అమ్ములు కోసం ప్రార్థన

ఆ శనివారం స్కోఫీల్డ్స్‌లో స్థిరపడ్డ మరియరాణి ఇంట ప్రార్థనకు గృహకూడిక జరిగింది. చివరి పాట అయ్యాక సంఘపెద్ద లాజరస్ సమోసా అందుకుంటూ ఆమె కూతుర్ని పలకరించాడు.

"అమ్మా జెన్సీ, మీ అమ్ములు ఈనిందా?"

జెన్సీ నవ్వబోయి ఆగింది. అమ్ములు ఒక ఖడ్గమృగం. యూనివర్సిటీ పరిశోధన కోసం ఆఫ్రికాలో ఉన్నన్నాళ్లూ జెన్సీ ఆ చూలు మృగం నడకనూ, నీళ్లకొచ్చే వేళనూ గమనిస్తూ గడిపింది. ముద్దుగా తను పెట్టిన ఆ పేరు అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

"మీకెలా తెలుసు అంకుల్?"

"భలేదానివే! ఎర్రగుట్ట వెనక మడుగు పేరు కూడా చెప్పమంటావా?" ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు. "కాకినాడ సంఘానికీ, దుబాయ్‌లో మావాళ్లకీ కూడా ఫార్వర్డ్ చేశా. అందరూ ప్రేయర్‌లో పెట్టారు."

జెన్సీ పళ్లెం పక్కన పెట్టేసింది. కొమ్ము కోసం చంపేవాళ్ల కంట పడకూడదని ఆ చోటు పేరు పరిశోధన వ్యాసాల్లో కూడా రాయరు. అక్కణ్ణుంచి ఫోటో పంపినప్పుడు, అమ్మ అడిగిందని ఆ పేరు ఒక్కసారి చెప్పింది.

వంటింట్లో మరియరాణి టీ వడపోస్తోంది.

"చర్చి గ్రూప్‌లో పెట్టావా అమ్మా?"

"ప్రార్థన విన్నపం పెట్టాను. అడవిలో ఒక్కదానివి ఉంటివి. పేరూ ఊరూ లేకుండా ఎలా ప్రార్థిస్తారే?"

"పోచర్స్ చూస్తే దాన్ని బతకనివ్వరు."

"గ్రూప్‌లో అందరూ మనవాళ్లేగా."

"మనవాళ్లు ఎవరికి పంపారో?"

మరియరాణి చెయ్యి తుడుచుకుని, ఫోన్ తీసి సందేశం చెరిపేసింది. "పోయింది చూడు," అంది గానీ కూతురి మొహం చూడలేదు.

ప్రొఫెసర్‌కు చెబితే మళ్లీ ఆఫ్రికా పంపరు. చెప్పకపోతే ఎవరికీ తెలియకపోవచ్చు. అమ్ములుకు ఏమీ కాకపోనూవచ్చు. జెన్సీ ఆ మాటనే పట్టుకుని సింకు దగ్గర నిలబడింది. అమ్ములుకు చూపు సరిగా ఆనదు. అలవాటైన దారినే నమ్ముకుంటుంది. రేపూ ఆ దారినే వస్తుంది.

ప్రొఫెసర్‌కు ఫోన్ చేసింది.

"లొకేషన్ మా ఇంటి నుంచే బయటికెళ్లింది సర్. చెప్పింది నేనే."

అక్కడి కాపలావాళ్లకు ఇప్పుడే చెబుతానన్నాడాయన. "నీ ప్రయాణం సంగతి సోమవారం మాట్లాడదాం," అన్నాడు. ఆ గొంతు వింటే, మాట్లాడేందుకు ఇక పెద్దగా ఏమీ లేదని తెలుస్తూనే ఉంది.

మరియరాణి టీ ట్రేతో గుమ్మంలోనే ఉండిపోయింది.

"నిన్ను మాన్పించేస్తారా?"

"అలాగే ఉంది."

"మరి ఆ చూలుదానికి?"

"తెలీదమ్మా."

హాల్లో కొందరు చెప్పులు తొడుక్కుంటున్నారు. మరియరాణి ట్రే బల్ల మీద పెట్టి, వాళ్లను ఆగమంది.

"ఇంకొక్క విన్నపం ఉందండీ."

లాజరస్ అలవాటుగా ఫోన్ తీశాడు.

"అది లోపల పెట్టండి అన్నయ్యా," అంది. నోటిదాకా వచ్చిన పేరును మింగింది. "ఒక తల్లి ఉంది. నెలలు నిండాయి. ఎక్కడని అడక్కండి."