ఎడమవైపు పసుపు

పెట్టె వచ్చిన రోజు నేను భోజనం సంగతే మర్చిపోయాను.

నేను పాత ఫొటోలు బాగుచేస్తాను. చిరుగులు అతుకుతాను, బూజు మరకలు తీస్తాను, వెలిసిపోయిన ముఖాలకి మళ్ళీ రంగు తెస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మొదట్లో నాన్న పక్కన కూర్చుని కుంచెతో చేశాను. తర్వాత స్టూడియోవాళ్ళు వదిలించుకున్న ముసలి కంప్యూటరుతో చేశాను. అది ఒక్క ఫొటో తెరిచేలోగా నేను మేడ మీదికి వెళ్ళి బట్టలు ఆరేసి రావచ్చు. అలాంటిది, ఇప్పుడు నా గది మధ్యలో కొత్త కంప్యూటరుతో, నా నడుము దాకా వచ్చే అట్టపెట్టె.

దాన్ని తెచ్చింది తమ్ముడు. బస్సు డిపోలో మెకానిక్కు. మిషన్ అన్నది ఏదైనా సరే, ఇంట్లోకి వాడి చేతుల మీదుగానే రావాలి.

"షాపువాడు ఏదో అంటగట్టబోయాడక్కా. నా దగ్గరా? ఏరి కోరి తెచ్చాను," అన్నాడు తీగలు కలుపుతూ.

"ఈయన ఏరి కోరి తెచ్చినవాటిలో ఇంతవరకూ సరిగ్గా పనిచేస్తున్నది నేనొక్కదాన్నే వదినా," అంది గుమ్మంలోంచి మరదలు.

పెట్టె మీద టేపు రెండు వరసలుగా అంటించి ఉంది. ఎందుకని అడిగితే, జాగ్రత్త కోసం తనే మళ్ళీ వేయించానన్నాడు. నాకు అవన్నీ పట్టే స్థితి కాదు. తెర వెలిగింది. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

మొదటి పని ఒక పెళ్ళి గ్రూపు ఫొటో. యాభై ఏళ్ళ నాటిది. నలభై మంది మూడు వరసల్లో నిలబడ్డారు. ఎడమవైపు పెళ్ళికూతురి వాళ్ళు, కుడివైపు పెళ్ళికొడుకు వాళ్ళు. అంత పెద్ద తెర మీద వాళ్ళ చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టవచ్చు. ఎడమ సగం బాగా పసుపెక్కి ఉంది. పాత ఫొటోలకి ఇది మామూలే. ఎన్నేళ్ళో ఏ గోడకో ఒక పక్క ఎండ తగిలి ఉంటుంది. ఓపిగ్గా, ఒక్కొక్క ముఖమే తీసుకుని ఆ పసుపు తీసేశాను. రెండు రోజులు పట్టింది. ఇంత సంతోషంగా ఎప్పుడూ పని చెయ్యలేదు.

నాలుగో రోజు పొద్దున్నే స్టూడియో యజమాని ఫోన్ చేశాడు.

"అమ్మా, ప్రింటు తీశాం. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు నిక్షేపంగా ఉన్నారు. పెళ్ళికూతురి తరఫువాళ్ళే... చన్నీళ్ళలో ముంచి తీసినట్టున్నారు."

"అంటే?"

"నీలంగా ఉన్నారమ్మా. ఇది గనక వాళ్ళు చూశారంటే యాభై ఏళ్ళ తర్వాత మళ్ళీ వియ్యాలవారి గొడవే."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నీలం అన్న మాట వినగానే నాన్న గుర్తొచ్చారు. లేని పసుపు తీసేస్తే మిగిలేది నీలమే.

ఫోన్ పెట్టేసి తెర నిండా బూడిదరంగు పరిచాను. వేరే ఏమీ లేదు, ఒట్టి బూడిదరంగు. ఎడమ అంచున పసుపు ఉంది. పలచగా, నీళ్ళలో టీ చుక్క పడి పాకినట్టు, మధ్యకి వచ్చేసరికి మాయమవుతోంది. కిటికీ మూశాను. దీపం ఆర్పాను. కుర్చీ జరిపాను. ఒక కన్ను మూశాను, తర్వాత రెండో కన్ను. పసుపు అక్కడే ఉంది. లేదా అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. ఆ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది?

తమ్ముణ్ణి పిలిచాను. వాడు వంగి చూశాడు.

"ఏదీ? ఎక్కడా?"

"ఇదిగో, ఈ పక్కంతా."

"నాకేం కనబడట్లేదే," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడు తెరని కాదు, గోడకున్న ప్లగ్గుని చూస్తున్నాడు.

మరదలు కూడా వచ్చి చూసింది. "నాకు అంతా ఒకటే బూడిద వదినా. బూడిదలో పసుపు వెతకడం మీ వంశానికే చెల్లింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడిందట. ఓసారి కళ్ళు చూపించుకోండి."

షాపుకి ఫోన్ చేస్తే అక్కడి కుర్రాడు, "మీ తమ్ముడుగారు దగ్గరుండి చూసుకుని మరీ తీసుకెళ్ళారమ్మా. నాలుగు రోజులు పోతే కళ్ళకి అలవాటు పడుతుంది," అన్నాడు.

ముగ్గురూ ఒకే మాట. తెరకి ఏమీ లేదు. ఉంటే నా కళ్ళకే.

ఇక్కడ నాన్న గురించి చెప్పాలి. నాన్న చివరి రెండేళ్ళలో రంగులు వేసిన ముఖాలన్నీ నీలంగా వచ్చేవి. వయసుతో ఆయన కంటికి పసుపు పొర కమ్మింది. ఆయనకి అన్నీ పసుపుగా కనబడేవి. అందుకని ప్రతి ముఖంలోనూ పసుపు తగ్గించి నీలం పెంచేవారు. ఆయన దృష్టిలో ఆ ముఖాలు నిండు ఆరోగ్యంతో ఉండేవి. ఆ సంగతి ఎవరూ ఆయనకి చెప్పలేదు. నేను చెప్పలేదు. పొద్దున్నే ఆయన లేవకముందు వచ్చి ఆ ముఖాలన్నీ మళ్ళీ దిద్ది స్టూడియోకి పంపేదాన్ని. "నా కన్ను ఇంకా తప్పలేదు చూశావా," అనేవారు నాన్న. "తప్పలేదు నాన్నా," అనేదాన్ని. ఇంట్లో అందరికీ తెలుసు. తమ్ముడికీ తెలుసు. ఆయన చివరిదాకా తన కన్నుని నమ్ముకుని, హాయిగా వెళ్ళిపోయారు. అది దయ అనుకున్నాను.

ఇప్పుడు ఆ దయే నా కుర్చీ వెనక వచ్చి నిలబడినట్టు అనిపించింది. తమ్ముడు ప్లగ్గుని ఎందుకు చూశాడు? అబద్ధం చెప్పేవాడు ముఖం తిప్పుకుంటాడు. నేను కూడా నాన్న ముఖంలోకి చూసి చెప్పేదాన్ని కాదు, కుంచెలు కడుగుతూ చెప్పేదాన్ని. వాడు ఆ పాఠం నా దగ్గరే నేర్చుకున్నాడా?

పసుపు ఒక పక్కనే ఉంది కాబట్టి అది తెరదే అవ్వాలని బుద్ధి చెబుతోంది. కానీ భయం బుద్ధి మాట వింటుందా? ఇరవై రెండేళ్ళు మరకలే వెతికిన దానివి, లేని చోట కూడా నీకు మరకే కనబడుతుంది, అంటోంది భయం. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళవచ్చు. ఆయన అక్షరాలు చదివిస్తాడు. అక్షరాలు నాన్న కూడా గడగడా చదివేవారు.

నాకు కావలసింది ఎవరి మాటా కాదు. ఎవరూ నాపై దయ చూపించడానికి వీల్లేని పరీక్ష కావాలి.

అది తట్టగానే లేచి నిలబడ్డాను. నాన్న ఎప్పుడూ ఒక నల్ల అట్టముక్క దగ్గర పెట్టుకునేవారు. మధ్యలో గుండ్రటి చిల్లు. ఏ రంగైనా అనుమానం వస్తే ఆ చిల్లులోంచి చూసేవారు. చుట్టుపక్కల ఏముందో తెలియకపోతే కన్ను మోసపోదని ఆయన నమ్మకం. నాకూ అలాంటిదే కావాలి, కాకపోతే పెద్దది. గది మూల ఖాళీ పెట్టె ఉంది. దాని ముందు వైపు అన్నం కంచమంత గుండ్రటి కిటికీ కోసి, చుట్టూ నల్లకాగితం అంటించాను.

తమ్ముణ్ణి కేకేసి తెర కాలు ఊడదీయించాను.

"తెరని పెట్టెలో పెట్టు. నేను గోడకేసి తిరిగి నుంచుంటాను. నువ్వు వెనకనుంచి దాన్ని తలకిందులు చేస్తావో, అలాగే ఉంచుతావో నీ ఇష్టం. నాకు చెప్పకు. నేను ఇటు తిరిగి పసుపు ఏ పక్కనుందో చెబుతాను. పదిసార్లు. తెరలో పసుపు ఉంటే అది తెరతో పాటు తిరుగుతుంది. నాలో ఉంటే నాకు ఎప్పుడూ ఎడమపక్కే కనబడుతుంది."

"ఇదంతా ఎందుకక్కా? ఇంకో నాలుగు రోజులు చూద్దాం," అన్నాడు.

"ఎందుకంత భయపడతారు? తిప్పండి. బస్సు చక్రాలు తిప్పేవారు ఈ మాత్రం తిప్పలేరా?" అంది మరదలు. తను అప్పటికే క్యాలెండరు కాగితం వెనక ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసుకుని, పెన్సిలు పట్టుకుని మంచమ్మీద సిద్ధంగా ఉంది.

గోడకేసి తిరిగాను. వెనక అట్ట రాపిడి, తమ్ముడి ఊపిరి.

"ఆఁ, చూడు."

తిరిగాను. నల్లటి మైదానం మధ్యలో గుండ్రంగా బూడిదరంగు చందమామ. దానికి ఎడమ అంచు పసుపు.

"ఎడమ."

పెన్సిలు గీసుకున్న చప్పుడు. మళ్ళీ గోడ. ఈసారి తెర బరువుగా తిరిగిన శబ్దం విన్నాను. ఇటు తిరిగి చూస్తే పసుపు కుడిపక్కన ఉంది. నా గుండె ఎగిరిపడింది. కానీ శబ్దం విన్నాను కదా, ఇది లెక్కలోకి రాదు.

"కుడి. ఇక నుంచి ప్రతిసారీ తిప్పినట్టే చప్పుడు చెయ్యరా. లేకపోతే ఇది పరీక్షే కాదు."

దాంతో వాడికీ పంతం పట్టుకుంది. తిప్పినా తిప్పకపోయినా మూలగడం మొదలుపెట్టాడు. లారీ ఇంజను దించుతున్నవాడిలా, "అమ్మో, అబ్బో," అని అరుస్తున్నాడు. మరదలు కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఎడమ. ఎడమ. కుడి. ఎడమ. కుడి. నేను చెబుతుంటే ఆమె రాసుకుంటోంది, పక్కనే, తెర ఎటుందో తమ్ముడు వేళ్ళతో చూపించింది కూడా రాసుకుంటోంది. ఒప్పో తప్పో నాకు చెప్పడం లేదు. నవ్వు మాత్రం మెల్లగా తగ్గిపోయింది. నాకు అది అర్థం కాలేదు. నవ్వు ఎందుకు ఆగింది? తప్పులు చెబుతున్నానా? జాలిపడుతున్నారా?

ఎనిమిదోసారి ఇటు తిరిగాను.

ఎడమన పసుపు లేదు. కుడిన కూడా లేదు.

కళ్ళు నులుముకున్నాను. గదిలో ఎవరూ కదలడం లేదు. అంతేనా? ఇంతసేపూ నేను ఊహించుకున్నదేనా? ఎడమ అని ఏదో ఒకటి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అప్పుడు నాన్న అట్టముక్క గుర్తొచ్చింది. చుట్టుపక్కల మర్చిపో. ఉన్నదాన్ని చూడు. పక్కలు వెతకడం మానేశాను. గుండ్రాన్ని గుండ్రంగానే చూశాను.

"పైన!" అని అరిచాను. "పైన ఉంది! ఒరేయ్, నువ్వు దాన్ని నిలువుగా నిలబెట్టావు!"

పెట్టె వెనక నుంచి తమ్ముడి తల మెల్లగా పైకి వచ్చింది. నోరు తెరుచుకుని ఉంది.

"ఎనిమిదికి ఎనిమిది," అంది మరదలు గుసగుసగా. తర్వాత మంచం దిగి గట్టిగా, "ఎనిమిదికి ఎనిమిది వదినా! ఒక్కటీ తప్పలేదు!"

నేను ఎగిరి గంతేశాను. నిజంగానే. నలభై ఏడేళ్ళ మనిషిని, స్టూలు తన్నుకుని కూడా ఆగలేదు. కొత్త కంప్యూటరు తెర పాడైందని తెలిసి ఇంత సంబరపడినవాళ్ళు లోకంలో ఇంకెవరైనా ఉంటారా? మరదల్ని పట్టుకుని గిరగిరా తిప్పాను. నా కన్ను నాదే. నా కన్ను ఇంకా నాదే.

తమ్ముడు మాత్రం పెట్టె వెనకే నిలబడి ఉన్నాడు.

"అక్కా, ఓ మాట. తిట్టకూడదు."

"చెప్పు."

"షాపువాడు సీలు విప్పని పెట్టే ఇచ్చాడు. నేనే వద్దన్నాను. షాపు ముందు అద్దాల దగ్గర, వచ్చేపోయేవాళ్ళు చూడ్డానికి పెట్టిన తెర, ఏడాదిగా వెలుగుతున్నది ఒకటుంటే, అదే కావాలని పట్టుబట్టి తెచ్చాను."

"ఎందుకురా?"

"నడవని ఇంజన్ని ఎలా నమ్ముతామక్కా? కొత్త బస్సు వస్తే మేము నెలరోజులు మెల్లగా నడిపిగానీ దూరం పంపం. ఏడాది ఆగకుండా వెలిగిందంటే దానికిక ఢోకా లేదనుకున్నాను. ఎండ ఒక పక్కే పడుతోందని చూసుకోలేదు."

"తెరకీ ఇంజనుకీ సాపత్యమేంట్రా!"

"ఇప్పుడు తెలిసింది."

"మరి పసుపు?"

వాడు మెడ గోక్కున్నాడు. "తీగలు కలిపిన రోజే కనబడింది. అక్క ముందు పరువు పోతుందని..."

"అందుకా టేపు రెండు వరసలు!" మరదలు క్యాలెండరు కాగితాన్ని చుట్టి వాడి వీపు మీద రెండు వేసింది. "పొద్దుట్నించీ మనిషిని కుళ్ళబొడిచారు కదా!"

నేను కుర్చీలో కూలబడి నవ్వాను. నేను దయ అని వణికినదంతా ఒట్టి పరువు. దయ కన్నా పరువు ఎంత తేలిక! పొరపాటు ఒప్పుకోలేని తమ్ముడు ఉండడం ఎంత అదృష్టం! నవ్వుతూనే, నాకు తెలియకుండానే, వాడి చెయ్యి పట్టుకున్నాను.

"వినరా. ఏదో ఒకరోజు నా కన్నుకీ ఆ పొర వస్తుంది. నాన్నకి వచ్చినట్టే. ఆ రోజు నువ్వు నాకు చెప్పాలి. నేను నాన్నకి చెప్పలేదు. అది దయ కాదు. నాకే ధైర్యం లేక చెప్పలేదు."

ఇల్లంతా తెలిసిన విషయమే అయినా, మా ఇద్దరి మధ్య ఆ మాట బయటికి రావడం అదే మొదలు.

"చెబుతాను," అన్నాడు. "అసలు ఇవాళ్టి నుంచే మొదలుపెడతాను. నీ టీ బాగుండదక్కా. ఎప్పుడూ బాగుండదు."

"హమ్మయ్య," అంది మరదలు. "ఏళ్ళ తరబడి తాగలేక చస్తున్నాం."

తమ్ముడు తెరని పెట్టెలోంచి తీసి చంకన పెట్టుకున్నాడు. షాపు మూసేలోగా మార్చుకు రావాలి. సీలు విప్పనిదే తీసుకోమని వెనకనుంచి నాలుగుసార్లు అరిచాను. నాలుగుసార్లూ "సరే సరే" అన్నాడు.

పెట్టె మాత్రం తీసుకెళ్ళనివ్వలేదు. అది నాకు కావాలి. ఏటా ఒకసారి కళ్ళు పరీక్షించుకోవడానికి. మరదలు అప్పటికే ఆ గుండ్రటి కిటికీకి అవతల మోకాళ్ళ మీద కూర్చుని, పాత కంప్యూటరు తెరని లోపలికి లాగుతోంది.

"గోడకేసి తిరగండి వదినా. పసుపు లేకపోతే లేదని కూడా చెప్పాలి మరి," అంది. "పదిలో ఇంకా రెండు మిగిలాయి."