రాయకూడని పేరు

ఆ ద్వీపంలో ఏ రోగికి ఏ మందు పడుతుందో నర్సుకు తెలుసు, ఎంత వెయ్యాలో తెలుసు, వాళ్ల తాతలకు ఏం జబ్బులుండేవో కూడా తెలుసు. మందుచీటీ మీద సంతకం పెట్టే హక్కు మాత్రం లేదు. ఆ హక్కు పక్క ద్వీపంలో ఉండే డాక్టర్ రెనిక్‌ది. గాలి లేస్తే పడవ రాదు, పడవ రాకపోతే డాక్టరూ రాడు.

ఆ సంతకం హక్కు కోసమే నర్సు కెన్నా యాభై రెండో ఏట మళ్లీ పుస్తకం పట్టింది. పట్టించింది డోలినా. నలభై ఏళ్లు ఆ ద్వీపానికి నర్సుగా పనిచేసి, కెన్నాకు సూది వెయ్యడం నేర్పిన మనిషి.

"నా బతుకంతా ఇంకొకరి సంతకం కోసం కిటికీలోంచి సముద్రం చూడ్డంతోనే సరిపోయింది. నువ్వలా కూర్చోకు పిల్లా," అని పోరు పెట్టి, మందుచీటీలు రాసే అర్హత కోసం యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టించింది. ఆ చలికాలంలోనే ఆమెకు కాలేయంలో క్యాన్సర్ బయటపడింది.

"నీ మొదటి చీటీ నాకే రాయాలి. అందాకా చచ్చేది లేదు," అంది డోలినా.

కెన్నా డాక్టర్ పక్కన తొంభై గంటలు కూర్చుని పని నేర్చుకుంది. మోతాదుల లెక్కల్లో నూటికి నూరు రాకపోతే తప్పినట్టే. నూరూ తెచ్చుకుంది. మిగిలింది తను చూసిన రోగుల గురించి రాసి పంపాల్సిన అనుభవాల దస్త్రం. అందులో రోగుల పేర్లు ఉండకూడదు, 'రోగి అ', 'రోగి ఆ' అనే రాయాలి. నూట ఇరవై పేజీలూ అలాగే రాసింది. ఒక్కచోట, నొప్పి గురించి రాస్తూ, తన్ను తాను మరిచిపోయింది. 'డోలినా నొప్పిని దాచుకుంటుంది. ఎక్కడ నొప్పి అని అడిగితే టీ పెట్టమంటుంది.'

ఆ ఒక్క పేరు పట్టుకుని యూనివర్సిటీ వాళ్లు దస్త్రం మొత్తం వెనక్కి కొట్టారు. మళ్లీ పంపాలంటే మూడు నెలలు ఆగాలి. వాళ్లనేమీ అనడానికి లేదు, రోగి గుట్టు కాపాడాలని డోలినాయే తనకు మొదటి పాఠంగా చెప్పింది. కెన్నాకు కోపం తన మీదే.

"తప్పాను పెద్దమ్మా," అంది మంచం పక్కన నిలబడి.

"దేంట్లో?"

"లెక్కల్లో."

"అనుకున్నాలే. దశాంశం చుక్క ఎక్కడ పెట్టాలో నీకెప్పుడు తెలిసింది గనక!" అని వెక్కిరించి, డోలినా గోడవైపు తిరిగి పడుకుంది.

మార్చిలో ఒక మధ్యాహ్నం నొప్పి కట్టలు తెంచుకుంది. చిన్న యంత్రం చర్మం కిందికి మార్ఫిన్ ఎక్కిస్తూనే ఉంది, అది చాలడం లేదు. మోతాదు డాక్టర్ కాగితం మీద రాసిన హద్దు దాకా వచ్చేసింది. పెంచాలంటే ఆయన కొత్తగా రాసి సంతకం పెట్టాలి. ఆయనేమో కాన్పు కష్టమైన అమ్మాయిని పెద్దాసుపత్రికి తీసుకెళ్తూ హెలికాప్టర్‌లో ఉన్నాడు. ఆయన బదులు చూడాల్సిన డాక్టర్ ఫోన్ మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

మందు ఆ గదిలోనే పెట్టెలో ఉంది. తాళంచెవి కెన్నా జేబులో ఉంది. ఎంత పెంచాలో చుక్కతో సహా తెలుసు. తెలిసి ఏం లాభం?

"టీ పెట్టు," అంది డోలినా పళ్లు బిగించి.

కెన్నా ఇక ఆగలేకపోయింది. "లెక్కల్లో కాదు పెద్దమ్మా తప్పింది. నీ పేరు రాశాను. దస్త్రంలో. అందుకే తప్పించారు. లేకపోతే ఈపాటికి నేనే..."

డోలినా కళ్లు తెరిచింది. "నా పేరా? ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"నూట ఇరవై పేజీల్లో ఒక్కసారేనా? పిసినారిదానా!" నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే మూలుగైపోయింది. కెన్నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు నాలుగు గంటలు వదల్లేదు.

ఆరింటికి, డాక్టర్ పెద్దాసుపత్రి నుంచి ఫ్యాక్స్‌లో పంపిన సంతకం వచ్చింది. అప్పుడు గానీ డోలినాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే, ఆ నిద్రలోనే పోయింది.

ఊళ్లో మగవాళ్లు భుజాలు మార్చుకుంటూ శవపేటికను సముద్రం ఒడ్డున ఉన్న శ్మశానం దాకా మోశారు. వారం తర్వాత కెన్నా దస్త్రం తెరిచింది. డెబ్బై నాలుగో పేజీలో ఆ పేరు కొట్టేసి 'రోగి అ' అని రాసింది. దాన్ని చదువుకుంటే ఎవరి గురించో రాసినట్టుంది.

జూన్‌లో ప్యాసయింది. నర్సుల రిజిస్టర్‌లో ఆమె పేరు పక్కన ఆ హక్కు కూడా ఎక్కింది. మొదటి చీటీ, గాలం గుచ్చుకుని వేలు చీము పట్టిన ఒక జాలరికి రాసింది.

"ఇంతేనా? డాక్టర్ కోసం చూడక్కర్లేదా?" అన్నాడతను.

"అక్కర్లేదు."

సంతకం పెట్టడానికి నిమిషం కూడా పట్టలేదు. అతను వెళ్లాక కెన్నా తలుపు గడియ పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.