నేను పట్టెయ్యలేదు

నేను ఒక మోటారుని. బావిలో నీళ్లు తోడే మోటారుని కాను, అంత పేరు ప్రతిష్ఠ నాకు లేదు. పికప్ బండిలో స్టీరింగ్ కింద, డ్రైవరు మోకాళ్లకు కాస్త పైన, చీకట్లో ఒక ఇనుప గొట్టాన్ని కరుచుకుని ఉంటాను. పవర్ స్టీరింగ్ మోటారు అంటారు నన్ను. నా మీద ఒక నింద ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, నేను పట్టెయ్యలేదు, తిరక్కుండా బిగుసుకుపోలేదు. పట్టేశానన్నవాడు అబద్ధం చెప్పాడు. నా మాట నమ్మమని బతిమాలను. మొత్తం విని మీరే తేల్చుకోండి.

నా పని చాలా చిన్నది. డ్రైవరు చెయ్యి ఎటు తిప్పితే అటు నా బలం కలుపుతాను, అంతే. కుడికి పోదామా ఎడమకి పోదామా అని నన్నెవరూ అడగరు, నేనూ చెప్పను. బండి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు నాకు చచ్చేంత పని. నేరుగా ఉన్న రోడ్డు మీద వేగం అందుకుందంటే దాదాపు సెలవే. మనుషుల తమాషా చూడండి, బండి కొనేటప్పుడు "పవర్ స్టీరింగ్ ఉందా?" అని నా పేరు పెట్టి మరీ అడుగుతారు. కొన్నాక నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే మర్చిపోతారు. ఒక్కపూట నేను పని మానేస్తే మాత్రం వాళ్ల నోటికి అడ్డూ అదుపూ ఉండదు.

చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో రాగి తీగ చుట్టి, మూత బిగించి, బల్ల మీద అటూ ఇటూ తిప్పి చూసి నాకొక పచ్చ చుక్క పెట్టారు. అంటే ఏ లోపమూ లేదని అర్థం. ఆ తర్వాత ఒక తెల్ల పికప్‌లో కూర్చున్నాను. ఆ బండి మదనపల్లె వైపు ఒక పల్లెలో ఉండే మునిశేఖర్ చేతికి వచ్చింది. అతనికి బండి తోలడం నేర్పింది వాళ్లక్క రెడ్డెమ్మ. టమోటా పండించి పండించి విసుగెత్తి, పండించడం కన్నా పండినదాన్ని తోలడమే మేలని తేల్చుకున్న మనిషి ఆమె. ఆమెకూ సరిగ్గా ఇలాంటి పికప్పే ఉంది. అక్కాతమ్ముళ్లిద్దరూ చెంగల్రాయుడి మండీలో టమోటా బాక్సులు ఎత్తుకుని చెన్నైకి తోలేవాళ్లు.

మునిశేఖర్ చెయ్యి తేలిక. నా మీద ఎప్పుడూ మొరటుతనం చూపలేదు. నిలబడ్డ బండిలో ఊరికే స్టీరింగ్ చక్రం తిప్పి నన్ను ఏడిపించలేదు. అతనికున్న లోపం ఒక్కటే, కాదని చెప్పలేడు. చెన్నైలో సరుకు దించి పొద్దున్నే మండీకి వచ్చేవాడు. మొహం కడుక్కునే లోపలే చెంగల్రాయుడు బండిలో మళ్లీ బాక్సులు పేర్పించేవాడు. "పండు ఆగదబ్బా, నువ్వెట్లా ఆగతావు?" అనేవాడు. మునిశేఖర్ నవ్వి తాళం తిప్పేవాడు. ఆ వారమంతా అలాగే జరిగింది.

ఆ రోజూ అలాగే లోడెత్తుకుని, పొద్దెక్కాక ఘాటు రోడ్డు దిగాం. మలుపులన్నీ ఇద్దరం కలిసి తిరిగాం, ఎక్కడా తేడా రాలేదు. కిందికి దిగాక రోడ్డు నేరుగా సాగింది. మెలకువగా ఉన్న చెయ్యి నాకు తెలుస్తుంది. నేరుగా పోయేటప్పుడు కూడా అది ఊరికే ఉండదు, రవ్వంత అటూ రవ్వంత ఇటూ సర్దుతూ ఉంటుంది. ఆ సర్దడం ఆగిపోయింది. చెయ్యి మాత్రం చక్రం మీద బరువుగా ఉంది. ఎదురుగా మలుపు వచ్చింది. నేను సిద్ధంగా ఉన్నాను, అతను వేలు కదిపినా చాలు, మొత్తం బలం ఇచ్చేదాన్ని. పిలిచి లేపడానికి నాకు నోరు లేదు. బండి రోడ్డు దిగి పెద్ద గుంతలో బోల్తాపడింది. మునిశేఖర్ అక్కడికక్కడే పోయాడు. దుఃఖమంటే ఏమిటో నాకు ఆ గుంతలో తెలిసింది.

చెంగల్రాయుడు కారులో వచ్చి, చెల్లాచెదురైన టమోటాలు చూసి, ఆ తర్వాత మనిషిని చూసి, చుట్టూ మూగిన జనంతో అన్నాడు. "స్టీరింగ్ పట్టేసింది. బండి చూసుకోరా అని ఎన్నిసార్లు చెప్పినానో, వింటే కదా." అంతే, ఆ మాట మార్కెట్టంతా పాకింది. ఎందుకు పాకదు? ఇనుమును తిడితే ఎవరూ తగాదాకు రారు. చచ్చినవాడు అసలే రాడు.

నుజ్జయిన బండిని మెకానిక్ జిలానీ కొన్నాడు. పనికొచ్చే సామాన్లన్నీ విప్పి అరలో పెట్టాడు. నేను పాత హారన్ల పక్కన కూర్చున్నాను. నన్ను కొందామని వచ్చిన డ్రైవర్లు చేతిలోకి తీసుకునేవాళ్లు, ఏ బండిదో తెలియగానే పాము పిల్లను పట్టుకున్నట్టు కింద పెట్టేసేవాళ్లు. మనిషిని తిన్న మోటారట. ఒళ్లు మండిపోయేది నాకు. తిన్నది నిద్ర. ఆ నిద్రను దాచిపెట్టింది చెంగల్రాయుడు.

దసరా వెళ్లాక రెడ్డెమ్మ బండి జిలానీ షెడ్డుకు వచ్చింది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలుగుతోంది. స్టీరింగ్ రుబ్బురోలంత బరువుగా ఉంది. జిలానీ కింద దూరి చూసి నవ్వాడు. ఆయుధ పూజ నాడు ఆమె మొగుడు భక్తి పట్టలేక స్టీరింగ్ మీద టెంకాయ నీళ్లు ధారగా పోశాడు. అవి గొట్టం వెంట జారి వైర్ల సాకెట్‌లో దిగాయి. లోపల పచ్చగా చిలుం పట్టి మోటారు కాలిపోయింది.

"దేవుడికి పెట్టే టెంకాయ నీళ్లు మోటారుకు తాపించినారు కదక్కా," అన్నాడు జిలానీ. "కొత్తది రావాలంటే ఆలస్యమవుతాది."

రెడ్డెమ్మ అర వైపు చూసింది. "అది మా మునిశేఖరుది కదా?"

"అవునక్కా," అన్నాడు జిలానీ.

"పనిచేస్తాదా?"

"తిప్పి చూసినా. దానికేం కాలేదక్కా."

"పట్టేసిందన్నారే."

"పట్టేసుంటే అరలో ఎందుకు పెడతా? పాతినుములో పారేసుంటా."

ఆమె టైరు మీద కూలబడింది. చాలాసేపు కొంగు మొహాన పెట్టుకుని ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుంది. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరడిగినారక్కా?"

"బిగించు," అంది రెడ్డెమ్మ.

జిలానీ బ్యాటరీ వైరు తీశాడు. స్టీరింగ్ గొట్టం కిందికి దించి, కాలిపోయినదాన్ని విప్పి నన్ను బిగించాడు. చక్రాలు నేరుగా పెట్టించి, చేతిలోని చిన్న యంత్రంతో ఇదే నేరు అని నాకు కొత్తగా నేర్పాడు. అంతా అయ్యాక, మనసుకు ధైర్యంగా ఉంటుంది, ఒక నిమ్మకాయ కట్టుకోమన్నాడు. "తప్పు చేసింటే కదా శాంతి చేసేది," అని ఆమె తాళం తిప్పింది. ఆమెవి రెండు చేతులూ చక్రం మీద గట్టిగా ఉండే చేతులు. షెడ్డులోంచి బయటికి తిప్పగానే నా బలమంతా ఇచ్చాను. నిజం చెప్పొద్దూ, గర్వంగా అనిపించింది.

చెన్నైకి ఒక లోడు తోలి, మర్నాడు పొద్దెక్కాక మండీకి తిరిగొచ్చాం. చెంగల్రాయుడు అరుగు మీంచే కేకేశాడు. "రెడ్డెమ్మా, బండి అట్లనే పెట్టు. ఇంకో లోడు రెడీగా ఉండాది."

ఆమె బండి ఆపలేదు. తోపుడుబండ్లకూ బాక్సుల గుట్టలకూ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో కుడికి చివరంటా తిప్పింది, ఎడమకి చివరంటా తిప్పింది, అతని అరుగు ముందర గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. మళ్లీ తిరిగింది. హమాలీలు బాక్సులు దించి నిలబడ్డారు. టీ తాగుతున్న డ్రైవర్లు దగ్గరికొచ్చారు. అప్పుడు అరుగుకు ఆనించినట్టుగా బండి ఆపి దిగింది.

"చూస్తివా అన్నా, ఎట్ల తిరగతా ఉండాదో? ఇది మా మునిశేఖరు బండిలో మోటారు. పట్టేసిందంటివే, అదే."

చెంగల్రాయుడి మొహం మాడిపోయింది. "చచ్చినోడి సామాను నా మండీలోకి తెచ్చేదేంది? అపశకునం. పీకేసి రాపో."

"పట్టేసేదైతే ఇప్పుడే పీకిస్తా. రా, నువ్వే కూర్చోని తిప్పి చూడు."

అతను కదల్లేదు.

"మావాడు బండి చూసుకోక చావలేదన్నా. కండ్లు మూతలు పడతా ఉంటే నువ్వు తోలించినావు, నిద్రపోయినాడు. ఆ మాట నీ నోటితో చెప్పు."

"పండు మెత్తబడిపోతా ఉంటే ఇప్పుడా మాటలు? లోడెత్తండ్రా."

రెడ్డెమ్మ తాళం తీసి జాకెట్లో దోపుకుంది. "నేను రాత్రంతా తోలినా. నిద్రపోయి లేసినాకే లోడు," అని సీటు మీద అడ్డంగా పడుకుంది. కాళ్లు తలుపులోంచి బయటికి వేలాడాయి. చెంగల్రాయుడు పక్క బండి గంగులప్పను లోడెత్తమని పిలిచాడు. ముప్పై ఏళ్లుగా బండ్లు తోలుతున్న మనిషి గంగులప్ప. బీడీ నేలకేసి నలిపాడు. "నేనూ రాత్రంతా తోలినోన్నే," అని తన బండెక్కి పడుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకడు ఇంజను ఆపాడు. కాసేపటికి ఆ వరసలో ఉన్న పికప్పులన్నింటికీ తలుపుల్లోంచి కాళ్లు బయటికొచ్చాయి. పట్టపగలు, బేరాల మధ్యలో, ఒక గురక కూడా మొదలైంది.

ఎండ ముదిరింది. చెన్నై నుంచి చెంగల్రాయుడికి ఫోన్ల మీద ఫోన్లు. కింది వరస బాక్సుల్లోంచి రసం కారుతోంది. చివరికి అతను అరుగు దిగి మా బండి దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించి అన్నాడు. "పట్టెయ్యలేదులేమ్మా. నిద్రపోయినాడు. నాదే తప్పు. లెయ్యి ఇంక."

రెడ్డెమ్మ కళ్లు తెరవలేదు. "గట్టిగా చెప్పన్నా. వాళ్లకూ ఇనపడాల."

అతను అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకుని, మండీ అంతా వినపడేలా చెప్పాడు. గంగులప్ప లేచి కూర్చుని విన్నాడు. హమాలీలు విన్నారు. నేనూ విన్నాను.

రెడ్డెమ్మ మాత్రం లేవలేదు. అటు తిరిగి పడుకుంది. ఆమె నిద్ర ఇంకా తీరలేదు మరి.