మందుల షాపు దాకా సిగ్నల్

ముప్ఫై రెండేళ్ళు టెలిఫోన్ స్తంభాలెక్కి దిగిన లైన్‌మన్‌కి, గోడ అవతల ఉన్న సొంత బావమరిదితో లైను కలవడం లేదంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆయన భార్య నాలుగు రోజులుగా ఆ నవ్వే నవ్వుతోంది. ఆయనకు మాత్రం తిన్నది ఒంటపట్టడం లేదు.

సంగతేమిటంటే, ఆయన దగ్గరొకటి, పక్క ఫ్లాట్‌లో ఉండే బావమరిది దగ్గరొకటి, చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ డబ్బాలున్నాయి. బావమరిది కూతుళ్ళు పెద్దవాళ్ళై వదిలేసినవి. రోజూ సాయంత్రం అయిదింటికి ఎవరి సోఫాలో వాళ్ళు కూర్చుని, మధ్యలో గోడను అలాగే ఉండనిచ్చి, ఇద్దరూ కార్ల పందెం ఆడతారు. దానికి ఇంటర్నెట్‌తో పని లేదు. అంత పాత ఆటకు ఆన్‌లైన్ ఎప్పుడో మూసేశారు కూడా. ఒక డబ్బా ఇంకో డబ్బాతో నేరుగా గాల్లోనే మాట్లాడుకుంటుంది, కాకపోతే దగ్గర్లో ఉండాలి. ఆటలో ఒకరు గది తెరవాలి, మరొకరు వెతుక్కుని వచ్చి అందులో చేరాలి.

రెండేళ్ళుగా గది తెరిచేది బావమరిదే. రైల్వే టికెట్ కౌంటర్లో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసిన మనిషాయె, అయిదు కొట్టేసరికి 'కౌంటర్ గారి గది' అని పేరు పెట్టి తెరిచి కూర్చునేవాడు. లైన్‌మన్ టీ తాగి, కళ్ళజోడు వెతుక్కుని, పది నిమిషాలు ఆలస్యంగా అందులోకి వెళ్ళేవాడు.

ఆ ఆదివారం చెరువు గట్టు పందెంలో లైన్‌మన్ కంచెలో ఒక సందు కనిపెట్టి, అందులోంచి అడ్డంగా దూరి గెలిచాడు. గోడ అవతల నుంచి ఒక్క అరుపు వినిపించింది.

"అది మోసం బావా!"

"మోసం కాదురా, దారి! జీవితమంతా కుర్చీలో కూర్చుని టికెట్లు చింపినవాడివి, దారుల సంగతి నీకేం తెలుసు?"

సరదాకే అన్నాడు. కానీ అన్న మరుక్షణమే ఆయనకు తెలిసింది, ఆ మాట తగలకూడని చోట తగిలిందని. గోడ అవతల డబ్బా మీటల చప్పుడు ఆగిపోయింది. తర్వాత వచ్చిన గొంతులో కోపం కూడా లేదు.

"రోజూ గది తెరిచేది నేనే. నువ్వు తీరిగ్గా వస్తావు. ఒక్కరోజైనా నువ్వు తెరిచావా బావా?"

అంతే, ఆట ఆగిపోయింది. ఇంకో వారం అయితే మామూలుగా సర్దుకునేదే. కానీ ఆ శనివారం బావమరిది ఇల్లు ఖాళీ చేస్తున్నాడు. అతని భార్యకు ఊరి అవతలి చివర బడిలో హెడ్‌మిస్ట్రెస్ పోస్టు వచ్చింది. గోడ అవతల అట్టపెట్టెలకు టేపు అంటిస్తున్న చప్పుడు రోజంతా వినిపిస్తూనే ఉంది. శనివారం తర్వాత ఆ గోడా ఉండదు, ఆ ఆటా ఉండదు. ఆ టికెట్ల మాట ఒక్కటే మిగిలిపోతుందేమోనని లైన్‌మన్ భయం.

వెళ్ళి తలుపు కొడితే రెండు నిమిషాల్లో తేలిపోయే వ్యవహారం. కానీ ఆ మనిషికి సారీ అనే మాట గొంతులో అడ్డం పడుతుంది, పెళ్ళయిన నాటి నుంచీ అంతే. అందుకని ఆలోచించి ఆలోచించి, సోమవారం అయిదు కాకముందే జీవితంలో మొదటిసారి తనే గది తెరిచాడు. వాడికి అర్థమవుతుందిలే అనుకున్నాడు.

తెర మీద "మిగతా ఆటగాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాం" అని వచ్చింది. అయిదుంపావు అయింది. ఆరయింది. ఒక్క పురుగు కూడా రాలేదు.

ఇలాంటప్పుడు రెండు కారణాలే ఉండాలి. ఒకటి, వాడికి రావాలని లేదు. రెండు, యంత్రంలో ఫాల్టు ఉంది. మొదటిది నమ్మడం ఇష్టం లేదు కాబట్టి ఆయన రెండోదాన్ని పట్టుకున్నాడు. అటక మీది పెట్టెలోంచి, ఉద్యోగంలో లైన్ల లోపాలు రాసుకున్న పాత ఫాల్ట్ పుస్తకం తీసి, దుమ్ము దులిపి, కొత్త పేజీలో రాసుకున్నాడు. ఫిర్యాదు: అవతలి మనిషి దొరకడం లేదు.

ఆ తర్వాత ఆయన్ని పట్టడం ఎవరి తరం కాలేదు. డబ్బా పక్కన వైర్‌లెస్ మీట ఉంది, అది పైకే ఉంది. విమానం గుర్తు ఆపేసి ఉంది. బ్యాటరీ నిండుగా ఉంది. మంగళవారం గోడకు ఆనించి ఉన్న ఇనప బీరువా మీద అనుమానం వచ్చింది. ఒక్కడే దాన్ని జరపబోయి నడుం పట్టేసి, భార్యను పిలిచాడు.

"రేడియో సిగ్నల్‌కి ఇనుము అడ్డమే. ఆ మూల పట్టు."

"రెండేళ్ళుగా ఈ బీరువా ఇక్కడే ఉంది కదండీ. అప్పుడు అడ్డం రానిది ఇప్పుడొచ్చిందా?"

మాట నిజమే. అయినా బీరువా జరిగింది, ఫాల్టు జరగలేదు. బుధవారం మైక్రోవేవ్ ఓవెన్ ప్లగ్గు పీకేశాడు. పాలు వేడిచేసుకోవడానికి వచ్చిన భార్య ప్లగ్గునీ, మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది.

"ఒక్కమాట వెళ్ళి వాణ్ణి అడగరాదూ?"

"నువ్వడుగు. నీ తమ్ముడేగా."

"నేనేం మీ ఇద్దరి మధ్య ఎక్స్ఛేంజిని కాను. మీ గొడవల్లో నన్ను వేలు పెట్టమనకండి." గ్లాసు తీసుకుని వెళ్ళబోతూ ఆగింది. "వాడూ అయిదింటికి ఆ డబ్బా పట్టుకునే కూర్చుంటున్నాడు లెండి. నిన్న పెట్టెలు సర్దడానికి వెళ్ళినప్పుడు చూశాను. మొహం వేలాడేసుకుని ఉన్నాడు."

లైన్‌మన్ చేతిలోని స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది. వాడి డబ్బా ఆన్‌లో ఉంది! కూర్చుంటున్నాడు కూడా! మరైతే ఎందుకు కలవడం లేదు? భయం సగం తగ్గి ఆ స్థానంలో కుతూహలం వచ్చి కూర్చుంది. ఆ రోజు ఆయన అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

లైను పోయినప్పుడు ముందు సగానికి విడగొట్టి చూడాలన్నది ఆయన ఉద్యోగంలో నేర్చుకున్న పద్ధతి. ఈ సగం బాగుంటే ఆ సగంలో వెతకాలి. గురువారం పొద్దున్నే డబ్బా పట్టుకుని వీధి మలుపులో ఉన్న మందుల షాపుకి వెళ్ళాడు. షాపావిడ దగ్గర అచ్చంగా అదే డబ్బా, అదే ఆట ఉన్నాయని ఆయనకు తెలుసు. గిరాకీ లేనప్పుడు కౌంటర్ కింద పెట్టుకుని ఆడుతూ ఎన్నోసార్లు దొరికిపోయింది.

"అమ్మా, నేను గది తెరుస్తాను. నువ్వు చేరగలవేమో చూడు."

రెండు క్షణాల్లో ఆవిడ ఎర్రకారు ఆయన తెర మీదికి వచ్చేసింది. "ఇదిగో వచ్చేశానుగా, బాబాయ్. మీ దాంట్లో ఏ లోపం లేదు."

తన చివర బాగుంది. అవతలి చివర మనిషి ఉన్నాడు. మధ్యలో ఉన్నది గాలి, అది పాడైపోయేది కాదు. వీధిలో నిలబడి పుస్తకంలో ఆ మూడూ రాసుకుని, చదువుకుని, ఆయన నీరుగారిపోయాడు. ఇక మిగిలింది ఆ మొదటి కారణమే. గది కనపడుతున్నా వాడు లోపలికి రావడం లేదు. మొహం వేలాడేసుకుని మరీ, రాకుండా కూర్చుంటున్నాడు. అంత లోతుగా తగిలిందన్నమాట ఆ మాట. ఇంటికి వెళ్ళే నలభై అడుగులూ ఆయనకు చాలా దూరమయ్యాయి.

శుక్రవారం సాయంత్రం గోడ అవతల టేపు చప్పుడు కూడా ఆగిపోయింది. సర్దడం అయిపోయినట్టుంది. లైన్‌మన్ అయిదింటికి డబ్బా తీశాడు కానీ గది తెరవబుద్ధి కాలేదు. ఊరికే పాత పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు. మొదటి పేజీలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద లైన్‌మన్ దగ్గరుండి రాయించిన వాక్యం ఒకటుంది. "రింగ్ చేసే ముందు లైను మీద చెవి పెట్టు. అవతల ఎవరో ఉండవచ్చు."

ఆయన ఆ వాక్యాన్ని రెండోసారి చదివాడు. ఈ అయిదు రోజుల్లో చెయ్యని పని అదొక్కటే. గది తెరిచి కూర్చున్నాడు తప్ప, బయట ఎవరున్నారో ఒక్కసారీ చూడలేదు. "గది తెరువు" మీద ఉన్న వేలు కిందికి జరిపి, "వెతుకు" నొక్కాడు.

చిన్న చక్రం తిరిగింది. తర్వాత తెర మధ్యలో ఒక వరస వెలిగింది. కౌంటర్ గారి గది. ఒకరు ఉన్నారు. ఒకరికి చోటుంది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. లోపలికి వెళ్ళాడు. పచ్చకారు పక్కన తన నీలంకారు నిలబడగానే గోడ అవతల ఏదో కిందపడ్డ చప్పుడైంది.

"బావా!"

"ఆఁ."

"అయిదు రోజులు ఎక్కడికి పోయావు? రోజూ అయిదింటికి తెరిచి కూర్చుంటున్నాను కదా!"

"నేనెక్కడికి పోతానురా? నువ్వన్నావని నేనూ తెరిచి కూర్చున్నా."

ఇద్దరూ చెరో గది తెరుచుకుని ఎదుటివాడు రాలేదని ఏడుస్తూ కూర్చున్నారన్న సంగతి అటూ ఇటూ కూడా మెల్లగా బుర్రకెక్కుతోంది.

"నువ్వు తెరిచావా?" అన్నాడు బావమరిది చివరికి. "నిజంగా నువ్వే తెరిచావా బావా?"

"సోమవారం నుంచీ. ఆ టికెట్ల మాట... అది నేను అనకుండా ఉండాల్సింది."

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న భార్య నవ్వలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని లోపలికి వెళ్ళి మైక్రోవేవ్ ప్లగ్గు పెట్టుకుంది.

శనివారం సామాన్ల బండి కదిలేటప్పుడు బావమరిది డ్రైవర్ పక్కన డబ్బా తెరిచి పట్టుకుని కూర్చున్నాడు. గది అతనిదే. లైన్‌మన్ గేటు దగ్గర నిలబడి అందులో చేరాడు. ఎంతదూరం అందుతుందో చూడాలని ఇద్దరికీ ఒకటే ఆత్రం.

"మెల్లగా పోనివ్వు నాయనా," అన్నాడు లైన్‌మన్ డ్రైవర్‌తో, "ఇక్కడ టెస్టింగ్ జరుగుతోంది."

తెర మీద సిగ్నల్ గీతలు మూడున్నాయి. టైలర్ షాపు దాటగానే రెండయ్యాయి. మలుపు దగ్గర ఒకటి మిగిలి మినుకుమినుకుమంది. బండి కిటికీలోంచి ఒక చెయ్యి ఊగింది. ఆ తర్వాత తెర మీద సంబంధం తెగిపోయిందన్న మాట వచ్చింది. లైన్‌మన్ ఆ మాటను చూస్తూ చాలాసేపు వీధిలోనే నిలబడ్డాడు. ఇంట్లోకి వచ్చాక పుస్తకం తీసి ఫిర్యాదు కింద గీత గీసి, రాశాడు. లైను మందుల షాపు దాకా పనిచేసింది. అక్కడి నుంచి వాడి కొత్త ఇంటి దాకా టౌన్ బస్సు.

ఆ సాయంత్రం, ఊళ్ళో ఉన్న ఫోన్లన్నీ బాగుచేసిన ఆ మనిషి, వారంలో మొదటిసారి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"రేపు నేనే వస్తున్నానురా," అన్నాడు బావమరిదితో. "గది నువ్వు తెరుస్తావా, నేను తెరవనా?"