గొడుగు రాయి లేని తీరం

ఆదివారం ఆదివారం ఒడ్డున కూర్చుని బొమ్మలు గీసే ఆడవాళ్ళలో కినుయో ఒక్కతే లేని రాయిని గీస్తోంది.

మిగతా అందరి కాగితాల మీదా తీరం ఉన్నది ఉన్నట్టే దిగుతోంది. కిందటి శరదృతువులో వచ్చిన తుఫాను దాన్ని పిండి పిసికినట్టు పిసికి, వేరే ఆకారం చేసి పోయింది. నది సముద్రంలో కలిసే చోటు తూర్పుకు జరిగింది. మెత్తటి ఇసుక ఉన్న చోట గులకరాళ్ళు గుట్ట పడ్డాయి. గుడి వెనక కొండ ఒక పక్క జారిపోయి, ఎర్రమట్టి బయటపడి, తోలు లేచిన మోకాలిలా కనిపిస్తోంది. రేవు ముందర నీళ్ళలో, నెత్తిన ఒంటి పైన్ చెట్టుతో, తాతముత్తాతల నాటి నుంచి నిలబడ్డ గొడుగు రాయి మాత్రం మొదలంటా విరిగి మునిగిపోయింది. ఇప్పుడు అక్కడ అలలు ఒకచోట కాస్త తెల్లగా విరుగుతాయి, అంతే.

బడిలో బొమ్మలు నేర్పి విశ్రాంతి తీసుకుంటున్న హిసానో పంతులమ్మ ఈ ఆదివారాలు మొదలుపెట్టింది. "కంటికి కనిపించిందే గీయండమ్మా, మనసుకు తెలిసింది కాదు" అని ప్రతివారం చెబుతుంది. కానీ కినుయో వెనకాలకి వచ్చి నిలబడినప్పుడు మాత్రం ఆ మాట అనదు. "చెట్టు బాగా కుదిరింది" అని పక్కకు వెళ్ళిపోతుంది.

కినుయోకి బొమ్మల మీద పుట్టు ఇష్టమేమీ లేదు. ఎనిమిదేళ్ళ కిందట భర్త కనెతారో చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పడవ చెక్కలు దొరికాయి కానీ మనిషి దొరకలేదు. ఆ తరవాత ఆమె రోజూ ఒడ్డుకు వచ్చి కూర్చునేది. ఊరికే కూర్చుని సముద్రం వంక చూస్తుంటే జనం జాలిపడతారు, కొన్నాళ్ళకు వెర్రి అంటారు. చేతిలో కుంచె ఉంటే ఎవరూ ఏమీ అనరు. ఎంతసేపు చూసినా బొమ్మ గీస్తోంది అనుకుంటారు. అలా పట్టిన కుంచె, అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ పెట్టేశావా ఆ రాయిని?" అంది పక్కనున్న ఉమెనో, తల వంచి చూస్తూ. "పాపం, తుఫాను అంత కష్టపడి పీకిందే! నువ్వు వారం వారం తిరిగి పాతేస్తున్నావు."

ఉమెనో ఎండుచేపలు అమ్ముతుంది. చిన్నప్పటి నుంచి కినుయోకి స్నేహితురాలు. ఆమెకు బొమ్మలు రావు, కబుర్ల కోసం వస్తుంది. ఆమె గీసిన పడవ ఏదైనా వంకాయలాగే ఉంటుంది.

"నీ వంకాయ సంగతి చూసుకో ముందు" అంది కినుయో. "ఇది బోన్ పండక్కి. ఇంట్లో మందిరం ముందు పెడతాను. ఆయన దారి చూసుకోవాలిగా."

బోన్ రోజుల్లో పోయినవాళ్ళు ఇంటికి వస్తారు. సమాధిలో ఉన్నవాళ్ళను సమాధి దగ్గరికి వెళ్ళి పిలుచుకు వస్తారు. సముద్రంలో పోయినవాళ్ళకు సమాధి ఖాళీ, అందుకని వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఒడ్డున పైన్ పేళ్ళతో మంట వేసి పిలుస్తారు. ఎనిమిదేళ్ళుగా కినుయో తన ఇంటి ముందరి ఇసుకలోనే మంట వేస్తోంది. ఇన్నాళ్ళూ ఆమెకు దిగులు లేదు. కనెతారో బతికున్నప్పుడు ఎన్నోసార్లు అన్న మాట ఒకటి ఉంది: "గొడుగు రాయి మీది చెట్టు, గుడి కప్పు కిందికి వచ్చిందంటే చాలు, ఇక కళ్ళు మూసుకుని వచ్చేస్తాను." ఆ రెండూ ఒక వరసలో పడితేనే నీళ్ళలో పళ్ళలా పొడుచుకు వచ్చిన రాళ్ళ మధ్య రేవులోకి దారి. అది తప్పితే పడవ పగులుతుంది. ఊళ్ళో మగవాళ్ళందరూ అలాగే వచ్చేవారు.

ఇప్పుడు బతికున్నవాళ్ళకు రేవువాళ్ళు ఎరుపూ తెలుపూ గుంజలు రెండు పాతారు. అవి పాతిన సంగతి కనెతారోకి ఎవరు చెబుతారు? పోయినవాళ్ళకు అన్నీ తెలుస్తాయి అని కొందరంటారు. అన్నీ తెలిసేటట్టయితే మనం మంట వేయడం దేనికి? కినుయో ఈ రెండు మాటల మధ్య ఏడాదిగా నలుగుతోంది.

"బొమ్మ చక్కగానే ఉంది గాని," అంది ఉమెనో, సంచిలోంచి బియ్యపు అప్పడం తీసి విరుస్తూ, "ఒక్కటి చెప్పు. మీ ఆయన ఒడ్డు మీంచి వస్తాడా, నీళ్ళ మీంచి వస్తాడా?"

"ఇదేం ప్రశ్నే?"

"ఏం లేదు. నీ బొమ్మలో రాయి వెనకాల సముద్రం ఉంది. ఆయనకి రాయి వెనకాల ఊరు కదా కనిపించాలి!"

ఉమెనో నవ్వుతూనే అంది. కినుయో చేతిలో కుంచె ఆగిపోయింది. ఇంట్లో బొమ్మలు ఒక దొంతర ఉన్నాయి. అన్నిట్లోనూ ఆమె ఒడ్డున కూర్చుని అటు చూసిందే. ఆయన అటు నుంచి ఇటు చూసేవాడు. పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆమె తన ఊరిని నీళ్ళ మీంచి చూడలేదు. అక్కడి ఆడవాళ్ళు పడవ ఎక్కరు.

"అయ్యో, ఏడిపించేశానా?" అంది ఉమెనో.

"లేదే. నిజం చెప్పావు."

*

మరిది సదకిచి రేవులో ఇంజనుకు నూనె పోస్తున్నాడు. కినుయో అడిగింది విని నూనె డబ్బా కింద పెట్టాడు.

"పడవెక్కుతారా? వదినా, మీకేమైనా ఒంట్లో బాగాలేదా?"

"బొమ్మ గీసుకుని వచ్చేస్తాను. రాళ్ళ అవతలి దాకా చాలు."

"ఒంటరి ఆడది ఎక్కితే పడవ దేవతకు గిట్టదు. మీకు తెలియనిదా? ఆమె కూడా ఆడదే. అసూయ పడుతుంది."

"ఈ వయసులో నన్ను చూసి ఎవరు పడతారయ్యా అసూయ!"

సదకిచి నవ్వలేదు. అన్న పోయిన రోజు నుంచి అతను వదినతో సముద్రం గురించి మాట్లాడడు. వాతావరణం గురించి కూడా మాట్లాడడు. చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతాడు.

"మీరు అక్కడికి వచ్చి ఏడిస్తే నేను చూడలేను" అన్నాడు చివరికి, నేల చూస్తూ.

"ఏడవను. ఏడిస్తే రంగు చెదిరిపోతుంది."

"దేవతకి ఏం చెప్పమంటారు?"

తోడు వచ్చిన ఉమెనో వెనక నుంచి అందుకుంది. "నేనూ వస్తానులే. ఇద్దరం ఎక్కితే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకు తోచదు. తోచేలోగా తిరిగి వచ్చేద్దాం."

పెద్దవాళ్ళు కూడా ఒంటరి ఆడది అన్నారే గాని ఇద్దరు ఆడవాళ్ళు అనలేదు. సదకిచి తల గోక్కున్నాడు. పడవ ముందు భాగంలో కాస్త ఉప్పూ బియ్యమూ చల్లి, చేతులు జోడించి, "రేపు పొద్దున, గాలి లేకపోతే" అన్నాడు.

*

గాలి లేదు. అయినా రాతి పళ్ళు దాటాక అడుగు నుంచి వచ్చే పెద్ద అలలు పడవను నిదానంగా ఎత్తి నిదానంగా దించుతున్నాయి. ఉమెనో రేవు దాటకముందే అంచు పట్టుకుని వంగిపోయింది.

"కినుయో, నీకోసం ప్రాణం ఇస్తానని చిన్నప్పుడు అన్నాను చూడు," అంది మధ్యలో తల ఎత్తి, "అది వెనక్కి తీసుకుంటున్నాను."

సదకిచి ఇంజను ఆపాడు. "అన్నయ్య ఇక్కడి నుంచే పడవ తిప్పేవాడు" అన్నాడు.

కినుయో చెక్క పలక మీద కాగితం పరిచి తల ఎత్తింది. పడవ కిందికి దిగినప్పుడు ఊరు లేదు, నీళ్ళే ఉన్నాయి. పైకి లేచినప్పుడు ఒక్క క్షణం మొత్తం కనిపించింది. అంత చిన్నదా తన ఊరు! అరచేయి అడ్డం పెడితే మూసుకుపోతుంది. ఎనిమిదేళ్ళు తను ఇంత సముద్రానికి ఎదురుగా కూర్చుంది. ఆయన రోజూ ఇంత చిన్నదాన్ని వెతుక్కుంటూ వచ్చేవాడన్నమాట.

ఆమె తన ఇంటి కోసం వెతికింది. పడవ లేచినప్పుడల్లా వెతికింది.

"సదకిచీ, మా ఇల్లేది?"

"కనిపించదు వదినా. గులకరాళ్ళ గుట్ట అడ్డం. తుఫాను తరవాత అంతే."

"ఇంటి ముందరి ఇసుక?"

"అదీ గుట్ట వెనకే."

అంటే ఆ ఇసుకలో మంట వేస్తే ఆయనకు కనిపించదు. మంట కాస్తా తనకూ తన ఇంటికీ తప్ప ఎవరికీ కనిపించదు. ఈ పడవ ఎక్కకపోయి ఉంటే, ఈ ఏడు మంట ముందు కూర్చుని, వచ్చాడనుకుని అన్నం వడ్డించి ఉండేది. ఆయన ఇక్కడే, ఈ అలల మీద, లేని చెట్టును వెతుక్కుంటూ తిరుగుతూ ఉండేవాడు. ఏడవనని మాట ఇచ్చింది.

ఆమె గీయడం మొదలుపెట్టింది. అల ఎత్తినప్పుడు చూడటం, దించినప్పుడు ఒక గీత గీయడం. గీత ఎక్కడికో జారిపోయేది. జారిన గీత పక్కనే ఇంకొకటి వేసేది. సీసాలో నీళ్ళు ఒలికిపోయాయి, సముద్రంలోనే కుంచె ముంచింది. ఉప్పునీళ్ళకు రంగు మచ్చలు మచ్చలుగా ఆరింది. ముందుగా కంటికి ఆనేది గులకరాళ్ళ గుట్టే, తెల్లగా, పొడుగ్గా. దాని పైన గుడి కప్పు. గుడి కప్పు పైన ఎర్రటి కొండ గాయం. రాయి ఉండే చోటికి వచ్చేసరికి చేయి దానంతటదే పైకి లేచింది. ఆమె ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుంది. అక్కడ నీళ్ళ రంగే వేసింది.

"కాస్త అటు పోనియ్యి" అంది సదకిచితో. పడవ జరిగింది. "ఇంకాస్త. ఆగు. ఇప్పుడు ఎర్ర గాయం కింది కొస గుడి కప్పు మీద కూర్చుంది. ఇక్కడి నుంచి తిన్నగా పోతే?"

సదకిచి కళ్ళు చికిలించి గుంజల వైపు చూశాడు, కొండ వైపు చూశాడు. "దారిలోనే ఉన్నాం" అన్నాడు మెల్లిగా. "మేమూ వాన రోజున గుంజలు కనపడకపోతే ఆ ఎరుపునే చూస్తాం."

కినుయో బొమ్మను రెండు చేతులతో పట్టుకుని, ఒడ్డు వైపు వీపు పెట్టి, సముద్రం వైపు చూపించింది. "రాయి పోయిందండీ" అంది. "దానికోసం చూడకండి. ఇదుగో, ఈ ఎరుపు చూడండి. గుట్ట మీద మంట వేస్తాను."

సదకిచి మొహం పక్కకు తిప్పుకున్నాడు. అంచు మీద వాలిపోయి ఉన్న ఉమెనో సన్నటి గొంతుతో అంది:

"కాస్త కిందికి దించవే. ఆయన నీళ్ళలో ఉన్నాడాయె."

*

పండగ ముందు కినుయో గుడికి వెళ్ళి పెద్ద స్వామిని అడిగింది. ఇంటి ముందు వేయాల్సిన మంట వేరేచోట వేస్తే తప్పా?

స్వామి ముసలివాడు. చీపురు ఆపి ఆలోచించాడు. "ఇంటి ముందు వేయమన్నారు, ఇల్లు గుర్తు పట్టాలని. ఇల్లే కనిపించనప్పుడు ఏం చేయాలో చెప్పలేదు. నాకూ తెలియదమ్మా." మళ్ళీ ఊడవడం మొదలుపెట్టి, "నువ్వైతే ఎటు నుంచి వస్తావో అటు నుంచి ఆలోచించు" అన్నాడు.

పండగ తొలి సాయంత్రం, ఎండ వాలుతుండగా, ఎవరి గుమ్మాల్లో వాళ్ళు మంటలు వేశారు. కినుయో పైన్ పేళ్ళ కట్ట మోసుకుని గులకరాళ్ళ గుట్ట ఎక్కింది. కాలి కింద రాళ్ళు జారుతున్నాయి. పైన గాలి ఎక్కువ, మొదటిసారి అంటుకోలేదు. రెండోసారి చుట్టూ రాళ్ళు పేర్చి, ఒళ్ళు అడ్డం పెట్టి అంటించింది. పైన్ జిగురు చిటపటలాడుతూ మంట లేచింది. ఆమె నీళ్ళ వైపు చూస్తూ నిలబడింది. తెల్లగా విరిగే అల అక్కడే విరుగుతోంది. ఆయన వచ్చాడో లేదో తెలిసే గుర్తు ఏదీ లేదు. ఏ ఏడూ లేదు. ఈ ఏడు మాత్రమే ఎందుకు ఉంటుంది?

పేళ్ళు చివరికి వచ్చాయి. ఆ ఊళ్ళో పోయిన పెద్దలను ఇంటికి తీసుకుపోయే పద్ధతి ఒకటి ఉంది. దూరం నుంచి వచ్చి అలసిపోయి ఉంటారని, వీపున ఎక్కించుకుని తీసుకుపోతారు. కినుయో సముద్రానికి వీపు పెట్టి, మోకాళ్ళు వంచి, రెండు చేతులూ వెనక్కి చాచింది.

"ఎక్కండి" అంది.

కొంతసేపు ఆగింది. తరవాత వేళ్ళు వెనకాల ఒకదానిలో ఒకటి పెనవేసుకుని, నడుం వంచి, గుట్ట దిగడం మొదలుపెట్టింది.

"ఇక్కడ రాళ్ళు జారతాయి, గట్టిగా పట్టుకోండి" అంటూ నడిచింది. "ఇవన్నీ తుఫాను తెచ్చి పోసింది. ఇదివరకు ఇక్కడ మీ వల ఆరేసేవారు. నది అటు జరిగింది, చూశారా? ఉమెనో ఎండుచేపల పందిరి కూడా పోయింది. కొత్తది వేసుకుంది. అదుగో. సదకిచి జుట్టు నెరిసిపోయింది, చూస్తే గుర్తు పట్టరు."

వీపు మీద బరువు ఉన్నట్టే ఉంది. వంగి నడిస్తే ఎవరి వీపైనా బరువుగానే ఉంటుంది కదా అని కూడా అనిపించింది. రెండూ అనుకుంటూనే ఆమె ఊరి వెనక దారి వెంట ఇంటికి చేరింది. లోపల మందిరం ముందు వేడన్నం, కాల్చిన చేప, ఆయనకు ఇష్టమైన ముల్లంగి ఊరగాయ పెట్టి ఉన్నాయి. మచ్చలు పడ్డ బొమ్మ పక్కన ఆనించి ఉంది.

గుమ్మం దాటి చేతులు వదిలితే ఆయన దిగుతాడు. దిగి కూర్చుని తింటాడు, మూడు రోజులు ఉంటాడు, వెళ్ళిపోతాడు. కినుయో గుమ్మం ముందు, నడుం వంచి, వేళ్ళు విడదీయకుండా, ఇంకా కాసేపు అలాగే నిలబడింది.