ముఖం చూపించిన శవం

ఒత్తొరీనో పదకొండేళ్లుగా సినిమాల్లో చస్తున్నాడు. ఒక్కసారైనా ముఖం చూపించి చావలేదు. రోమ్ శివార్లలోని ఆ రాతి క్వారీలో యుద్ధమంతా ఇరవైమందితోనే తీయాలి. పొద్దున జర్మన్లు, భోజనాలయ్యాక వాళ్లే అమెరికన్లు. అందుకే చచ్చేవాడు బోర్లా పడాలి. ముఖం తెరకెక్కిందంటే వాడిక రెండో సైన్యానికి పనికిరాడు.

ఈసారి ఒక్క జర్మన్ సిపాయి ముఖం చూపిస్తూ చావాలన్నాడు దర్శకుడు పాలుంబో. ఆ చావు నేవియోకి దక్కింది. నిన్నగాక మొన్న వచ్చినవాడు, పడడం కూడా సరిగ్గా రాదు. అయినవారికి ఆకుల్లో, కానివారికి కంచాల్లో అంటే ఇదే కదా అని ఒత్తొరీనో కుతకుతలాడిపోయాడు.

"ఏమయ్యా, పొద్దున్నే మొహం మాడ్చుకున్నావు?" అంది దుస్తులు చూసే ఇయొలాండా, అతని కోటుకు గుండీ కుడుతూ.

"మా ఆవిడ ప్రతి సినిమాకీ వస్తుంది. ఇందులో నువ్వెక్కడా అంటుంది. నా వీపు చూపిస్తాను. ఆ నేవియోగాడికి చూసేందుకు పెళ్లాం కూడా లేదు."

"వాడికివాళ ఆఖరి రోజయ్యా. అందుకే వాడి ముఖం వాడేస్తున్నారు. నీకింకా పదిరోజుల పనుంది, నోరుమూసుకుని బోర్లా పడు."

అసూయపడేవాడికి చెవులెక్కడ పనిచేస్తాయి?

"మందుగుండు ఒక్క పేలుడుకే మిగిలింది. రెండోసారి తీసేది లేదు," అని పాలుంబో అందరికీ చెప్పాడు. అది పేలింది. నేవియో కెమెరా ముందుకు వచ్చేలోపే ఒత్తొరీనో అడ్డంగా దూసుకొచ్చి, వెల్లకిలా పడి, తీరిగ్గా, నిజంగానే అందంగా చచ్చాడు. కళ్లు కూడా మూయలేదు.

పొగ తగ్గింది. పాలుంబో తిట్టలేదు.

"బాగా చచ్చావోయ్. ఇక బట్టలిచ్చేసి ఇంటికెళ్లు. నేవియో, నీ ముఖం పడలేదుగా, వీడి బదులు నువ్వుండు."

భోజనాల తర్వాత ఒత్తొరీనో సొంత చొక్కాతో బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. ఇంట్లో ఆవిడకు చెప్పుకోవడానికి ముఖమైతే ఉంది. కింద క్వారీలో నేవియో, ఒత్తొరీనో వేసుకోవలసిన అమెరికన్ కోటు తొడుక్కుని పడడం నేర్చుకుంటున్నాడు. మొదటిసారి మోకాళ్లు ఆనించాడు. ఒత్తొరీనోకి కాస్త ఊపిరాడింది. రెండోసారి చక్కగా పడ్డాడు, ముఖం మట్టిలో దాచుకుని, పదిరోజుల పని దక్కించుకుని.

అది చూసి ఒత్తొరీనో కడుపు మళ్లీ భగ్గుమంది.